చేపల వలలో చిక్కిన మేఘరేకుల పొడ: ఒక రెస్క్యూ కేసు పూర్తి వివరం

ముందు కేసు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. భీమిలికి కొంచెం ఇవతల, జీడితోటల అంచున ఉన్న ఒక ఇంటి పెరట్లో ఏప్రిల్ మొదట్లో ఓ పాము వలలో ఇరుక్కుంది. ఇంట్లోవాళ్ళు రక్తపింజర అనుకున్నారు. కర్రతో కదిలించబోయిన కుర్రాడికి వేలి మీద కాటు పడింది. తీరా చూస్తే అది విషం లేని మేఘరేకుల పొడ, ఇంగ్లీషులో ట్రింకెట్ స్నేక్ అనే పాము. ఆడది, గుడ్లతో ఉంది. కుర్రాడికి ఏమీ కాలేదు, పాము బతికింది, గుడ్లు చాలావరకు పిల్లలయ్యాయి. ఈ పాము విషయంలో మన వైపు ఎదురయ్యే చిక్కులన్నీ ఒక్క కేసులోనే కలిసి రావడం అరుదు. పాములు పట్టే కుర్రాళ్ళకి, పల్లెల్లో పనిచేసే పశువుల డాక్టర్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఫోన్ కాల్, ఫొటో

ఫోన్ చేసింది ఇంటాయన. "సార్, పొడపాము. వలలో పడింది. మా వాడిని కొరికేసింది" అన్నారు. పొడపాము అంటే రక్తపింజరే. ఇలాంటప్పుడు పాము సంగతి తర్వాత, మనిషి సంగతి ముందు. చెయ్యికి ఇప్పటికే తాడు గట్టిగా బిగించి కట్టారట. ఇంకో కట్టు కట్టొద్దనీ, ఉన్న కట్టుని దారిలో విప్పకుండా డాక్టరు ఎదుటే విప్పించమనీ, చెయ్యి కదలకుండా ఒక చెక్క ఆసరాతో ఉంచి బండి మీద కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమనీ చెప్పాను. కోయడం, నోటితో పీల్చడం, పసరు రాయడం వద్దన్నాను. ఆ మాటలు చెప్పేటప్పటికి నేను పామును చూడలేదు. చూసి ఉన్నా అదే చెప్పేవాణ్ణి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఆ లెక్క ముందు "అది మంచి పామేలెండి" అని ఫోనులో ధైర్యం చెప్పడం నా పని కాదు.

బండి బయల్దేరాక వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అందులో పాము ముందు సగం మాత్రమే ఉంది. గోధుమ రంగు ఒంటి మీద నల్లటి అడ్డపట్టీలు, వాటి మధ్య తెల్లటి చుక్కలు. మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మెలి తిరిగి పైకి లేచి ఉంది, నోరు తెరిచి ఉంది. ఆ ఫొటో చూసి ఎవరైనా రక్తపింజర అనే అంటారు. "దగ్గరికి వెళ్ళకుండా, తోక వైపు జూమ్ చేసి ఒకటి తియ్యండి" అన్నాను. రెండో ఫొటోలో సంగతి తేలిపోయింది. నడుము దాటాక మచ్చలు చెరిగిపోయి, తోక దాకా రెండు పక్కలా ముదురు రంగు చారలు బారుగా సాగాయి.

ఈ కేసులో నేను ఒక్క మాటే నొక్కి చెప్పాలనుకుంటే అది ఇదే: పాముని గుర్తుపట్టడానికి తోక వైపు సగం చూడాలి. రక్తపింజరకి వీపు మీద మూడు వరసల గొలుసు మచ్చలు తల వెనక నుంచి తోక దాకా సాగుతాయి, నడుము దాటగానే చారలుగా మారిపోవు. మేఘరేకుల పొడకి ముందు సగం ఒక బట్ట, వెనక సగం ఇంకో బట్ట. మన గోడల మీద అంటించే పాముల పోస్టర్లలో మాత్రం పడగ, తల, మెడ తప్ప ఇంకేమీ కనపడవు. తల బాగా పడితే చాలనుకుని ఫొటోలు తీస్తారు, ఆ తలతోనే జనం మోసపోతారు.

పోస్టర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. త్రికోణం తల ఉంటే విషం, గుండ్రటి కనుపాప ఉంటే విషం లేదు అని ఇప్పటికీ కొందరు పాఠాలు చెబుతున్నారు. నాగుపాముకీ కట్లపాముకీ కనుపాప గుండ్రంగానే ఉంటుంది, తల త్రికోణంగా ఉండదు. ఆ సూత్రం నమ్మి కట్లపామును చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అక్కడ కనబడింది

మేం వెళ్ళేసరికి జనం గుమిగూడి ఉన్నారు. వంగ, బెండ వేసిన చిన్న మడి చుట్టూ కోళ్ళు దూరకుండా పాత చేపల వల కట్టారు. మన తీరంలో ఇది మామూలే. చిరిగిన నైలాన్ వల ఊరికే దొరుకుతుంది, ఏళ్ళ తరబడి కుళ్ళదు. వల అడుగున మిగిలిన భాగం మాత్రం నేల మీద కుప్పగా పడి, ఆకుల కింద కప్పబడిపోయి, పాము లాంటి ప్రాణికి ఉచ్చు అయిపోతుంది. మడి పక్కనే కోళ్ళగూడు, గూట్లో నూకలు, నూకల కోసం ఎలుకలు. ఎలుకల వెనకే ఈ పాము వచ్చింది.

ఇంటి పెద్దామె మాత్రం ఒప్పుకోలేదు. "పొడపామే నాయనా, ఆ మచ్చలు సూడు. మా కాలంలో ఎన్ని సూసినామో" అంటూనే ఉంది. ఆవిడతో వాదించలేదు. దూరం నుంచే తోక వైపు చూపించి, "పెద్దమ్మా, రక్తపింజరకి ఇక్కడ చారలుంటాయా?" అని అడిగాను. కాసేపు చూసి, ఉండవంది. ఆ తర్వాత జనాన్ని వెనక్కి పంపే పని ఆవిడే చూసుకుంది.

వలలో పాము ఎందుకు వెనక్కి రాలేదో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి, వాటి అంచులు విడిగా ఉంటాయి. ముందుకు దూరేటప్పుడు దారం పొలుసుల మీద జారుతుంది. వెనక్కి లాగితే ప్రతి దారమూ ఒక పొలుసు అంచు కింద తట్టుకుంటుంది. అందుకే పాము ముందుకే తోసుకుంటుంది, వల కన్ను బిగుస్తుంది, ఇంకా తోస్తుంది. ఈ పాముకి మెడ వెనక రెండు చోట్లా, నడుం దగ్గర మూడు చోట్లా దారాలు ఒంట్లోకి దిగిపోయాయి. నడుం దగ్గర దిగిన చోట పైనా కిందా వాపు.

మేం దగ్గరికి రాగానే అది తన విద్యంతా చూపించింది. మెడని రెండు పక్కల నుంచి నొక్కుకుని నిలువునా వెడల్పు చేసింది. అలా సాగినప్పుడు పొలుసుల సందుల్లో దాగిన నలుపూ తెలుపూ బయటపడి మచ్చలు రెట్టింపయినట్టు కనబడతాయి. తోక చివర ఎండుటాకుల మీద గబగబా కొట్టుకుంటోంది. కొంచెం దూరంలో ఉన్నవాళ్ళకి అది రక్తపింజర బుసలాగే వినబడుతుంది. ఆపైన నోరు తెరిచి వరసగా మీదకి దూకుడు. ఇన్ని చేసినా ఈ పాముకి విషపు కోర లేదు. ఉన్నవి చిన్న చిన్న పళ్ళే. కరిస్తే చర్మం మీద గీరుకున్నట్టు చుక్కల వరస పడుతుంది, నెత్తురు కాస్త చిమ్ముతుంది.

ఈ నిలబడి బెదిరించే అలవాటు వల్లే వీడియోలు తీసుకునేవాళ్ళకి మేఘరేకుల పొడ అంటే మోజు. పట్టుకుని, రెచ్చగొట్టి, ముఖం దగ్గర పెట్టుకుని చూపిస్తారు. చూసిన పిల్లాడు రేపు నిజం రక్తపింజర ముందు అదే వేషం వేస్తాడు. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇదే.

ఇది ఎలాంటి పాము

ఈ జాతికీ మన విశాఖకీ ఉన్న బంధం చాలామందికి తెలియదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడూ ప్రకృతి శాస్త్రజ్ఞుడూ అయిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాముల్ని సేకరించాడు, స్థానికులు పిలిచే పేర్లతోనే వాటి బొమ్మలు 1796లో అచ్చు వేయించాడు. ఆ బొమ్మల ఆధారంగానే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ 1803లో ఈ పాముకి హెలెనా అని పేరు పెట్టాడు. ఇప్పుడది సీలోగ్నాథస్ హెలెనా. అంటే శాస్త్రం లెక్కలో ఈ జాతి పుట్టిల్లు విశాఖపట్నమే. మన దేశంలో చాలాచోట్ల ఉంటుంది. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలోనూ ఉంది. పడమటి కనుమల్లో మెడ మీద పట్టీ ఉండే ఉపజాతి ఒకటి ఉంది. తూర్పు భారతం నుంచి ఇంకో ఉపజాతిని 2016లో వర్ణించారు.

సన్నటి ఒళ్ళు, మెడకన్నా కాస్త వెడల్పైన పొడుగాటి తల. మామూలుగా రెండున్నర నుంచి మూడున్నర అడుగులు, అరుదుగా ఐదడుగులు దాటుతుంది. కంటి కింద ఒక నల్లటి గీత నిలువుగా, కంటి వెనక నుంచి నోటి మూలకి ఇంకొకటి ఏటవాలుగా. మెడ వెనక రెండు ముదురు గీతలు. కడుపు ముత్యంలా తెల్లగా మెరుస్తుంది. ముందు భాగంలో పొలుసులు నున్నగా ఉంటాయి, వెనక భాగంలో సన్నటి గీటు తేలుతుంది. వేలితో తోక వైపు తడిమితే ఆ తేడా తెలుస్తుంది. రక్తపింజర ఒళ్ళంతా గరుకే, పైగా మొద్దులా లావు.

ఎండ మండే రోజుల్లో రాత్రిళ్ళు తిరుగుతుంది, చల్లటి కాలంలో పగలు కూడా కనబడుతుంది. చెదపుట్టలు, రాళ్ళ సందులు, తాటాకు కప్పు, కట్టెల మోపులు దీని ఇళ్ళు. కట్టెలు తీసేటప్పుడు, ఇంటి కప్పు విప్పేటప్పుడు ఎక్కువగా బయటపడేది అందుకే. చిన్న పొదలు, గోడలు తేలిగ్గా ఎక్కేస్తుంది. పెద్దదానికి ప్రధాన తిండి ఎలుకలు, చుంచులు. పట్టగానే రెండు మూడు చుట్లు చుట్టి బిగించి చంపి, తల వైపు నుంచి మింగుతుంది. పిల్లలకి మాత్రం బల్లులు, నలికిరీల వంటివి కావాలి. జెర్రిపోతు అంత పేరు లేదు గానీ, ఎలుక కన్నంలోకి తలదూర్చే సన్నదనం దీనికి ఎక్కువ. కోళ్ళగూట్లోని చుంచుల దాకా వెళ్ళగలిగింది ఈ పామే.

విడిపించడం, వైద్యం

పాము ఒంటి మీద ఉన్న వలని అక్కడికక్కడ కోయబోవద్దు. ముందు దాని చుట్టూ జానెడు వదిలి వలని దడి నుంచి కోసి, పామును వలతో సహా గుడ్డ సంచిలో వేసి నీడలోకి తీసుకెళ్ళాలి. ఎండలో ఇరుక్కున్న పాముని గాయం కన్నా వేడే ముందు చంపుతుంది. అక్కడ తలని పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలోకి ఎక్కించి, గొట్టాన్నీ ఒంటినీ కలిపి ఒకరు పట్టుకోవాలి. రెండో మనిషి దారాలు కోయాలి. విషం లేని పామే కదా అని ఒట్టి చేత్తో మెడ నొక్కి పట్టడం వల్ల మనకేమీ కాకపోవచ్చు గానీ, గాయపడిన మెడకి అది చేటు.

దారాలు లోపలికి దిగిన చోట సెలైన్‌తో తడిపి, మొద్దు కొన ఉన్న చిన్న కత్తెరని దారం కింద నుంచి పోనిచ్చి కత్తిరించాం. లాగి తీయకూడదు, ముడి ఉన్నచోట దారం పొలుసుని ఊడబెరుకుతుంది. నూనె రాయడం వద్దు, గాయంలో దుమ్ము పేరుకుంటుంది. మెడ దగ్గరి దారాలు తేలిగ్గానే వచ్చాయి. నడుం దగ్గర ఒకటి చర్మాన్ని కోసి కండ దాకా వెళ్ళింది. అటవీశాఖ రేంజి ఆఫీసుకి కబురు పెట్టి, వాళ్ళకి చెప్పి పామును పశువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పామును ఇంట్లో ఉంచుకోవడం నేరం, వైద్యం పేరు చెప్పినా సరే. అటవీశాఖకి చెప్పే ఈ మెట్టు దాటేసేవాళ్ళు ఎక్కువ.

కొలత మూడున్నర అడుగులకి కొంచెం తక్కువ. తోక మొదలు దగ్గర ఒక్కసారిగా సన్నబడటం చూసి ఆడదని అనుకున్నాం. డాక్టరు వెనక భాగాన్ని వేళ్ళతో మెల్లగా తడిమితే పూసల్లా గుడ్లు చేతికి తగిలాయి. నడుం దగ్గరి వాపులో కొంత ఆ గుడ్ల వల్లే. దారం నొక్కిన చోట మాత్రం నెత్తురు ఆగిన వాపు వేరుగా తెలిసింది.

వల గాయాల్లో మోసం ఏమిటంటే మొదటి రోజు అంతా బాగానే కనబడుతుంది. నెత్తురు ఆగిన కండ రెండు మూడు రోజుల తర్వాత నల్లబడుతుంది. విడిపించగానే పొదలో వదిలేసి, ఫొటో తీసుకుని వచ్చేసే పాముల్లో ఎన్ని ఆ తర్వాత చస్తాయో ఎవరూ చూడరు. అందుకే ఆపి ఉంచాం. పల్చటి పోవిడోన్ అయోడిన్‌తో కడగడం, సిల్వర్ సల్ఫాడయజిన్ పూత, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మూడు రోజులకొకటి. సరీసృపాలకి ఇంజెక్షన్ ఒంటి ముందు భాగంలోనే ఇస్తారు, ఎందుకంటే తోక వైపు నుంచి వచ్చే నెత్తురు మూత్రపిండాల మీదుగా పోతుంది. పడకకి పాత వార్తాపత్రికలు చాలు. మట్టీ పొట్టూ వేస్తే గాయానికి అంటుకుంటాయి. దాక్కోవడానికి బోర్లించిన కుండ ముక్క, తాగడానికి నీళ్ళగిన్నె, చుట్టూ గుడ్డ కప్పిన పెట్టె. రోజుకొకసారి తప్ప ఎవరూ మూత తీయకూడదని గట్టిగా చెప్పాం. బెదిరించే పాము ఒత్తిడికి త్వరగా లొంగిపోతుంది, తిండి మానేస్తుంది.

కుర్రాడి సంగతి. ఆసుపత్రిలో 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేశారు. నెత్తురు గాజు గొట్టంలో కదపకుండా 20 నిమిషాలు ఉంచి గడ్డ కట్టిందో లేదో చూసే పరీక్ష ఇది, రక్తపింజర విషం ఎక్కితే గడ్డ కట్టదు. ఇతనికి కట్టింది. ఒక రోజు అబ్జర్వేషన్‌లో ఉంచి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. విరుగుడు మందు ఇవ్వలేదు, అవసరమూ లేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం రాత్రంతా టెన్షన్‌తో ఆసుపత్రి వరండాలోనే ఉన్నారు. ఆయనకి నేను రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించింది మర్నాడు పొద్దున్నే.

గుడ్లు

నల్లబడిన కండ కొంత ఊడి, గాయం ఎర్రగా శుభ్రపడుతున్న రోజుల్లో, ఒక రాత్రి అది ఆరు గుడ్లు పెట్టింది. ఈ జాతి మామూలుగా ఆరు, ఎనిమిది దాకా పెడుతుంది. తెల్లగా, సాగినట్టు, తోలులాంటి పెంకుతో ఉంటాయి. ఒకటి పసుపు రంగులో గట్టిగా ఉంది, అది చెడ్డదే.

పాము గుడ్డుని తిప్పకూడదు. కోడిగుడ్డులా పొదిగేటప్పుడు దొర్లించే పని ఉండదు సరికదా, లోపల పిండం ఒక పక్కకి అంటుకున్నాక గుడ్డు తలకిందులైతే చచ్చిపోతుంది. అందుకని పెట్టినవి పెట్టినట్టే ఉంచి, పైకి ఉన్న వైపు పెన్సిల్‌తో చిన్న గీత గీశాం. తర్వాత మూతకి సన్న కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో కొబ్బరి పొట్టు వేసి, పిడికిట్లో పిండితే నీటిచుక్క రానంత తేమతో, అదే వరసలో పేర్చాం. విశాఖ ఎండల్లో గది వేడి అదుపులో ఉంచడమే కష్టం. ఉత్తరం వైపు గదిలో, నేల మీద, తడి గోనెసంచి వేలాడదీసి 28, 29 డిగ్రీల దగ్గర నిలిపాం. చెడ్డ గుడ్డుకి బూజు పట్టగానే తీసేశాం.

తల్లి గుడ్లు పెట్టాక బాగా చిక్కిపోయింది. నీళ్ళు తాగింది, వారం గడిచాక గానీ తినలేదు. చిన్న ఎలుకతో మొదలుపెట్టింది. ఆ తర్వాత కుబుసం విడిచినప్పుడు మెడ దగ్గరి గాయపు మచ్చలన్నీ పోయాయి. నడుం దగ్గరి గాయం మీద పొలుసులు వంకరగా వచ్చాయి. కడుపు పొలుసులు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. పాము నేలని పట్టుకుని పాకేది వాటితోనే, అందుకని వదలొచ్చా లేదా అన్నది వాటిని చూసే తేల్చాలి. గోడ వెంబడి ఎక్కించి చూశాం, తడబాటు లేదు. పట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోకుండా, జీడితోట లోపలి చెదపుట్టల దగ్గర సాయంత్రం వదిలాం. కొత్త చోట వదిలిన పాము దారీ తిండీ వెతుక్కుంటూ రోడ్ల మీదకి వస్తుంది. "ఊరికి దూరంగా వదిలెయ్యండి సార్" అని అడిగేవాళ్ళకి ఇది చెప్పి ఒప్పించడానికే ఎక్కువసేపు పడుతుంది.

గుడ్లు రెండు నెలలు పూర్తవుతుండగా, తొలకరి పడ్డాక, చిట్లాయి. పిల్ల ముక్కు చివర ఉండే చిన్న పంటితో పెంకుకి గాట్లు పెట్టి, తల బయటపెట్టి, ఒక పూటంతా అలాగే చూస్తూ కూర్చుంది. అప్పుడు తొందరపడి లాగితే బొడ్డు దగ్గరి పచ్చసొన తెగిపోతుంది. అయిదు గుడ్లలో నాలుగు పిల్లలు బతికాయి. ఒకటి పెంకులోనే చనిపోయింది. జానెడు కన్నా కాస్త ఎక్కువ పొడుగు, రంగులు తల్లికన్నా కొట్టొచ్చినట్టు: ముందు నల్లటి గళ్ళు, తెల్ల చుక్కలు, వెనక చక్కటి చారలు. పెన్సిలంత లావు కూడా లేని పిల్ల మెడ ఎస్ ఆకారంలో ఎత్తి, గాలి నింపుకుని నా వేలి మీదకి దూకింది. నేర్పేవాళ్ళు లేకపోయినా ఆ వేషమంతా పుట్టుకతోనే వస్తుంది. మొదటి కుబుసం విడిచాక వాటిని తోటలో రాళ్ళ దిబ్బ దగ్గర, బల్లులు ఎక్కువ ఉన్న చోట విడివిడిగా వదిలాం.

ఇక ఆ వల. ఇంటాయన చెబితే విన్నారు. వల తీసేసి, పాతకాలంలోలాగ తాటిమట్టలు నిలువుగా పాతి దడి కట్టారు. కోళ్ళు దూరవు, పాము సందుల్లోంచి పోతుంది, మేకలకీ అడ్డమే. వల వాడక తప్పదనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: అడుగు అంచు నేల మీద వేలాడకుండా బిగించి కట్టాలి, పని లేని కాలంలో చుట్టి అటక మీద పెట్టాలి. పక్కింట్లో మాత్రం బీరపాదు చుట్టూ అదే రకం వల ఇంకా ఉంది. ఆయన్ని అడిగితే, తాటిమట్టలు దొరికినప్పుడు చూద్దాంలెండి అన్నారు.